నక్షాలో దీపం లేని ఊరు

మా ఇంట్లో గోడకు సిద్దిపేట తాలూకా నక్షా, అంటే పటం, ఒకటి వేలాడుతుండేది. ఒకరోజు నేను బట్టలుతుక్కుని వచ్చేసరికి మా అత్త దాన్ని ఊడదీసి తలకిందులుగా కట్టింది. మా బావ కచేరి నుంచి వచ్చి, నవ్వాలో కోప్పడాలో తెలియక గడపలోనే నిలబడిపోయాడు.

"ఉత్తరం దిక్కు తల పెట్టి పండవెట్టినవు గదరా తాలూకనంత," అన్నది అత్త. "గట్ల ఎవలన్న పంటరా? రోగాలు రావా?"

"నక్షాకు ఉత్తరం మీదనే ఉంటదవ్వా. గది రివాజు."

"ఎవల రివాజు?"

"గీసెటోళ్ళ రివాజు."

"గీసినోడు మన ఊర్లల్ల ఎన్నడన్న పండుకున్నడా?"

బావ మేకు మీంచి నక్షా తీసి మళ్ళీ తిప్పి కట్టాడు. మర్నాడు ఆయన కచేరికి పోగానే అత్త మళ్ళీ తిప్పింది. కొన్నాళ్ళు మా ఇంట్లో తాలూకా పగలు ఒక తీరు, సాయంత్రం ఒక తీరు ఉండేది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఆ వెంటనే మా అవ్వ, అంటే నన్ను కన్న అమ్మ, గుర్తొస్తుంది, నవ్వు పోతుంది.

బావ అంటే నా భర్త. మేనత్త కొడుకునే చేసుకున్నాను కాబట్టి పెళ్ళయ్యాక కూడా నోటికి బావ అనే వచ్చేది. అత్త మా నాయినకు అక్క. ఆమె పుట్టిందీ, నేను పుట్టిందీ ఒకటే పల్లె. సిద్దిపేట నుంచి ఇబ్రహీంపూర్ దిక్కు పోయే బండ్లబాట పట్టి, మధ్యలో ఒక పక్కకు దిగి, రాళ్ళలో నడిస్తే వచ్చేది. అయిదు ఇళ్ళ పల్లె. దానికీ ఒక పేరుండేది. ఇక్కడ రాయాలని కలం పెట్టి కూడా ఆగిపోయాను. రాస్తే మాత్రం గుర్తుపట్టేవాళ్ళు ఎవరున్నారు?

బావ ఉర్దూ చదువుకుని తాసీలు కచేరిలో నక్షానవీసుగా కుదిరాడు. నక్షానవీసు అంటే భూములు కొలిచేవాడు కాదు. ఎప్పుడో సర్వేవాళ్ళు కొలిచి గీసిన నక్షాలు పాతబడి మడతల దగ్గర చిరిగిపోతుంటే, వాటి మీద కింది గీత పైకి కనిపించే పల్చటి మైనపుగుడ్డ పరిచి, ప్రతి గీతనూ మళ్ళీ గీసేవాడు. కచేరిలో వెలుతురు చాలదని పని ఇంటికి తెచ్చుకునేవాడు. మా ముందరి గదిలో తలుపుకు ఎదురుగా బల్ల వేసుకుని వంగి కూర్చుంటే, పక్కన నేను విసనకర్రతో ఈగలు తోలుతూ ఉండేదాన్ని.

ఈగలంటే ఆయన చెప్పే కథ ఒకటి ఉంది. వెనకట ఒక నకలు రాసే మనిషి, అసలు కాగితం మీద ఈగ చచ్చి అతుక్కుని ఉంటే, తానూ ఒక ఈగను పట్టి చంపి నకలులో అదే చోట అతికించాడట. మక్కికి మక్కి అంటే అదేనట. ఈ కథ చెప్పి బావ పడి పడి నవ్వేవాడు. నవ్వేవాడే గాని, ఆయన చేసేదీ అదే. పాత నక్షాలో తూర్పు పక్కన ఎవరి చేతి నుంచో సిరా చుక్క పడి ఆరిపోయింది. బావ అది గుట్ట అనుకున్నాడు. చుట్టూ సన్నటి గీతలు పెట్టి ముచ్చటైన గుట్టను చేశాడు. ఆ దిక్కు నుంచి అంగడికి వచ్చేవాళ్ళను అడిగి, అక్కడ గుట్టా లేదు గుండూ లేదని నేనే ఆయనకు చెప్పాను.

"అసల్ల ఉన్నది," అన్నాడు, కలం ఆపకుండా.

నాకు ఉర్దూ రాదు. మా నాయిన ఇసుకలో దిద్దించిన తెలుగు అక్షరాలు వచ్చు, అంతే. నక్షా చదవడానికి అక్షరాలతో పనిలేదు, గుర్తులు తెలిస్తే చాలని బావ నేర్పించాడు. ఎర్ర గీత సడకు. చుక్కల గీత బండ్లబాట. నీలం ఉంటే చెరువు, ముక్కోణం ఉంటే గుడి, నెలవంక ఉంటే దర్గా. నిండుగా నల్లగా ఉన్న చుక్క ఊరు. అత్త దాన్ని బొట్టు అనేది. పెద్ద ఊరికి పెద్ద బొట్టు, చిన్న ఊరికి చిన్న బొట్టు. సిద్దిపేటకు బొట్టు చుట్టూ గుండ్రంగా ఇంకో గీర ఉండేది, తాలూకా కచేరి ఉన్న ఊరని.

పడుచుదనమేమో, ఆ గీర చూసి నాకు కొంచెం గర్వం పట్టింది. అంగడిలో చిక్కుడుకాయ అమ్మే ఆమెతో బేరమాడుతూ, "మీది సన్న సుక్కనే గద, గంత రేటేంది," అన్నాను ఒకసారి. ఆమెకు ఏమీ అర్థం కాక నా మొహం చూసింది. కోమటి చెరువు కట్ట మీద నడుస్తుంటే, నేను నీలం మరక అంచున నడుస్తున్నానని తోచేది. బండ్లలో వచ్చే జనాన్ని చూస్తే వీళ్ళు ఏ చుక్కలోంచి వచ్చారో అనుకునేదాన్ని. మొదట ఊళ్ళను చూసి గుర్తులు నేర్చుకున్నాను. తరవాత గుర్తులను చూసి ఊళ్ళను తూకం వేయడం మొదలుపెట్టాను. ఇంత తొందరగా మనిషి కళ్ళు మారిపోతాయని అప్పుడు నాకు తెలియదు.

అత్తను మాత్రం ఆ నక్షా ఏమీ చేయలేకపోయింది. తాలూకా హద్దు దాటితే అంతా ఉత్త తెల్లగుడ్డే. ఏటా మేం మల్లన్న జాతరకు బండి కట్టుకుని పోయే కొమురవెల్లి ఆ తెల్లటి జాగాలో ఎక్కడో ఉండిపోయింది.

"మల్లన్న లేని నక్షా నాకెందుకురా?" అన్నది.

"ఆయన వేరే తాలూకల ఉన్నడవ్వా."

"దేవునికి తాలూకేంది?"

అత్త దగ్గర ఇలాంటి ప్రశ్నలు చాలా ఉండేవి.

ఒక మధ్యాహ్నం నేను నా పల్లెను వెతకడానికి కూర్చున్నాను. మాది కుంట కింది పల్లె. కుంట కింద అంటే కుంట నీళ్ళు పారే పక్క అని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే బావ చూపించిన నీలం చుక్కను పట్టుకుని దాని కింద వెతికాను. ఎంత వెతికినా రాళ్ళ గుర్తులే. కుంట ఉంది, పల్లె లేదు. బావ కాసేపు వినోదం చూసి, కడుపు పట్టుకుని నవ్వాడు.

"మీ కుంట నీళ్ళు ఉత్తరం దిక్కు పారుతయి. నక్షల ఉత్తరం మీద ఉంటది. గందుకని కుంట కింది పల్లె కుంటకు మీద ఉంటది."

నాకు తల తిరిగింది. నీళ్ళు ఎక్కడైనా పైకి పారుతాయా అని అడిగాను. లోపలి నుంచి అత్త, "నేను తిప్పి కడ్తె సక్కగ ఉండె," అన్నది. నిజమే. ఆమె కట్టినట్టు చూస్తే కుంట పైన, పల్లె కింద, నీళ్ళు పల్లానికి. అంతా మేం మాట్లాడుకునే తీరుగానే ఉండేది. మేమిద్దరం బావను ఆ పూటంతా ఆటపట్టించాం. మా కాపురంలో అంత హాయిగా నవ్వుకున్న పూటలు తరవాత ఎక్కువ లేవు.

నవ్వులయ్యాక ఆయన వేలు పెట్టిన చోట చూశాను. కుంట నిండుగా, నీలంగా ఉంది. దానికి పైన మా పల్లె ఉంది. కానీ బొట్టు లేదు. సన్నటి గీతతో గీసిన ఉత్త సున్నా, లోపల తెల్లగా. పక్కన ఉర్దూలో రెండు మాటలు. ఒకటి పల్లె పేరట.

"రెండోది?"

"బేచిరాగ్."

"అంటె?"

"దీపం లేని ఊరు. ఎవ్వలు లేని ఊరును సర్కారోళ్ళు గట్ల రాస్తరు."

"మా అవ్వ ఉంటలేదా ఆడ?"

బావ మొహంలో నవ్వు పోయింది. తాను గీసే సున్నాకూ, తన సొంత అత్తకూ ఉన్న సంబంధం ఆయనకు ఆ క్షణం వరకు తట్టనే లేదు. ఎప్పుడూ ఆ పల్లెకు వచ్చిపోయేవాడే. అయినా కాగితం మీద అది వేరే ఊరు.

సర్వేవాళ్ళు కొలిచిన నాడు అక్కడ నిజంగానే ఎవరూ లేరు. నేను పుట్టకముందు గత్తర, అదే కలరా, వచ్చి పల్లెను ఊడ్చేసింది. మిగిలినవాళ్ళు తలుపులకు తడికలు అడ్డం కట్టి తలో దిక్కూ పోయారు. గొలుసులు పట్టుకుని కొలిచేవాళ్ళు వచ్చేనాటికి పొయ్యి రాజేసిన ఇల్లు ఒక్కటీ లేదు. వాళ్ళు సున్నా గీశారు. అందులో తప్పేమీ లేదు. తరవాత మా నాయిన, చిన్నాయిన, ఇంకొందరు, భూమి మీద మమకారం చావక తిరిగి వచ్చారు. నేను అక్కడే పుట్టాను, అక్కడే నడక నేర్చాను. బతికినవాళ్ళు తిరిగి వచ్చిన సంగతి నక్షాకు ఎవరూ చెప్పలేదు.

కుంట సంగతి ఇంకో తీరు. సర్వే అయిపోయాక ఒక వానకాలం దాని కట్ట తెగింది. అయిదు ఇళ్ళ బలగంతో కట్ట పోయడం అయ్యే పని కాదు. వానలప్పుడు నాలుగు నాళ్ళు బురద నిలిచేది, అంతే. నక్షాలో మాత్రం నడివేసవిలో కూడా నీలమే. బావ నీలిమందు కలిపి ఆ కుంటను దిద్దుతుంటే పక్కన కూర్చుని మురిసిపోయాను. నేను కళ్ళతో ఎన్నడూ చూడని నిండు కుంట కదా.

మా అవ్వ తాగే నీళ్ళు వాగులోంచి తెచ్చుకునేది. వాగు ఇసుకలో చెలిమె తీసి, ఊట ఊరేదాకా కూర్చుని, చిప్పతో ముంచి ముంచి కడవ నింపాలి. ఎండలు ముదిరితే చెలిమె లోతు దిగిపోయి, మోకాళ్ళ మీద వంగి తల లోపలికి పెట్టి ముంచాల్సి వచ్చేది. నాయిన పోయాక ఆమె ఒక్కతే. ఆ పల్లెకు ఒక బావి ఉంటే చాలు, అదొక్కటే ఆమె కోరేది. కొమురవెల్లికి పోయినప్పుడు కూడా మల్లన్నకు అదే మొక్కుకునేది.

యుద్ధం నడుస్తున్న రోజులు. దీపాల్లో పోసే గాసునూనె కంట్రోలులో ఉండేది, వరుసలో నిలబడితే సీసాలో సగం పోసేవారు. ఆ చలికాలం ఒక సాయంత్రం బావ కబురు తెచ్చాడు. నీళ్ళకు ఇబ్బంది ఉన్న ఊళ్ళలో సర్కారు తాగునీళ్ళ బావులు తవ్విస్తుందట. పట్నం నుంచి ఇంజనీరు వస్తాడట. ఏ ఊళ్ళో తవ్వాలో చూసుకోవడానికి ఆయనకు తాలూకా నక్షా కొత్త నకలు కావాలట. గీయాల్సింది మా బావే.

నేనూ అత్తా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"సున్నను నింపు బావా," అన్నాను. "ఒక్క సిరా సుక్క."

"అసల్ల లేదు."

"ఊర్ల మనుషులున్నరు గద."

"నాకు ఊరు ఇయ్యలె, నక్షా ఇచ్చిన్రు. దాన్ల ఉన్నది గీయమన్నరు. ఇయ్యాల నా వాళ్ళని నేనొక సుక్క పెడ్త. రేపు ఇంకొకడు లంచం తిని ఇంకో సుక్క పెడ్తడు. గప్పుడు నక్షానెవలు నమ్ముతరు?"

ఆ మాటకు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ లేదు. ఆయనది కొంత నిజాయితీ, కొంత కొలువు పోతుందన్న భయం. ఏది ఎంతో ఆయనకే తెలియదేమో. జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది, ఇప్పటికీ అంతే.

"ఒలికిన సిరాను గుట్టను జేసినవు," అన్నాను. "మా అవ్వను మనిషిని జేయరాదా?"

బావ కలం కింద పెట్టాడు. అత్త లోపలి నుంచి వచ్చి, ఇద్దరినీ చూసి పోయింది. ఆ పూట ఆయన అన్నం సరిగ్గా తినలేదు. నేనూ పెట్టడానికి మనసు పెట్టలేదు.

మర్నాడు ఆయన కచేరిలో పై గుమాస్తాను అడిగాడు. పల్లెలో జనం ఉన్నారు, నేను కళ్ళారా చూశాను, దిద్దమంటారా అని. నకలు నకలుగానే ఉండాలి, దిద్దాలంటే పైనుంచి హుకుం రావాలి అన్నాడట ఆయన. నక్షాలో పైన అంటే ఉత్తరం, కచేరిలో పైన అంటే పట్నం. మా పల్లెకు ఏ పక్క నుంచీ ఏదీ రాలేదు.

అంగడి రోజు అవ్వ అనపకాయల గంప ఎత్తుకుని వచ్చింది. అమ్మకం అయ్యాక మా ఇంటికి వచ్చి, దూప తీరా చెంబెడు నీళ్ళు తాగి కూర్చుంది. ఆమెకు అన్నీ చెప్పాను. బావుల సంగతి, నక్షా సంగతి, సున్నా సంగతి. అంతా విని ఆమె ఒకే మాట పట్టుకుంది.

"దీపం లేదని రాసిన్రా?"

"అవునవ్వా."

"సర్కారోళ్ళు ఉత్తగ రాయరు బిడ్డా. మేం పొద్దుగూకంగనె తిని పండుకుంటున్నం. గాసునూనె దొర్కకపాయె. బాటన పోయేటోడెవడో సూసి, దీపం లేదని రాసుకున్నడు గావచ్చు."

"గట్ల కాదవ్వా. గది ఉట్టి మాట. మనుషులు లేరని అర్థం."

"మనుషులు లేరని రాయాల్నంటె మనుషులు లేరనే రాస్తరు. దీపమని ఎందుకు రాస్తరు?"

ఎంత చెప్పినా వినలేదు. సర్కారుకు మా పల్లె మీద ఉన్న ఫిర్యాదు ఏందో ఆమెకు ఇన్నాళ్ళకు తెలిసింది. దాన్ని సరిచేయడం తన చేతిలోనే ఉంది. గంప ఎత్తుకుని, వచ్చినప్పటికంటే హుషారుగా పోయింది.

ఆ నెలలోనే నేనూ అత్తా బండిలో పల్లెకు పోయాం. దించి పోయే బండి ఆలస్యమై, మేం బాట దిగేసరికి మసక చీకటి పడుతున్నది. బండ్లబాట పక్కన రాళ్ళ మీద వరుసగా దీపాలు వెలుగుతున్నాయి. ఇంటికొకటి చొప్పున, మట్టి ప్రమిదల్లో ఆముదం పోసి, గాలికి ఆరకుండా పగిలిన కుండ పెంకులు అడ్డం పెట్టారు. మా అవ్వ పక్కనే గొంతుక్కూర్చుని ఒత్తి ఎగదోస్తున్నది. తలకు రాసుకోవడానికి కూడా లెక్కచూసుకునే ఆముదం అది. ప్రతి సాయంత్రం ఇళ్ళ నుంచి ఇంత దూరం తెచ్చి, పోయే బండి చప్పుడు ఆగేదాకా కాపలా ఉంటున్నారట.

అత్త ఒక రాయి మీద కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తాను పుట్టిన పల్లె. ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదలు.

"ఇంజనీరు సాబు గీ బాటన రాడవ్వా," అన్నాను. "సిద్దిపేటల బంగ్లల కూసోని నక్షా సూస్తడు."

"నక్షాకు కండ్లుంటయా? సూసెటోడు మనిషే గద. ఏదో ఒకనాడు గిట్ల రాకపోతడా."

ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో ఉన్న ధీమా నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. కష్టం ఎక్కడుందో తెలిసిపోయిందన్న ధీమా అది.

ఇంటికి వచ్చి బావకు చెప్పాను. దీపాల వరుస, పెంకులు, ఆముదం, ఏదీ దాచకుండా చెప్పాను. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. రెండు రోజులు నకలు మీద వంగి పనిచేశాడు. కచేరిలో ఇవ్వడానికి చుట్టేముందు నేను పోయి చూశాను. సున్నా సున్నాగానే ఉంది. ఆ తాలూకా మొత్తంలో అంత గుండ్రంగా, అంత ఓపికగా గీసిన సున్నా మరొకటి లేదు. అది గీయడానికి ఆయన ఎంత సేపు కూర్చున్నాడో నాకు అర్థమైంది. అయినా ఆయన మీద నాకు జాలి కలగలేదు.

ఆ ఎండాకాలం బావులు తవ్వారు. మా పల్లెకు దగ్గరలో ఉన్న పెద్ద ఊరికి ఒకటి వచ్చింది. అక్కడ అప్పటికే చేదబావులున్నాయి. కానీ నక్షాలో చూస్తే అది న్యాయమే. ఆ ఊరికి నిండు చుక్క ఉంది, చుట్టుపక్కల ఎక్కడా నీలం లేదు. మా పల్లెకేమో మనుషులు లేరు, పక్కనే నిండు కుంట ఉంది. ఏ ఇంజనీరైనా అదే చేస్తాడు. ఆ బల్ల ముందు నన్ను కూర్చోబెట్టి మా పల్లె గురించి తెలియకుండా చేస్తే, నేనైనా అదే చేసేదాన్ని. ఆయన్ను నేను ఎన్నడూ చూడలేదు, తిట్టుకోవడానికి ఒక మొహం కూడా దొరకలేదు.

తరవాత జరగాల్సింది నెమ్మదిగా జరిగింది. కొత్త బావి ఉన్న ఊరికి ముందు ఒక ఇల్లు తరలిపోయింది. పైఏడు వానలు లేవు, ఇంకో రెండిళ్ళు పోయాయి. చిన్నాయిన కూడా, ఎడ్లకు నీళ్ళెక్కడి నుంచి తేవాలి అని, పిల్లల్ని తీసుకుని పోయాడు. ఒక్కొక్క ఇల్లు పోయినప్పుడల్లా బాట పక్కన ఒక్కొక్క దీపం తగ్గింది. అవ్వ తన ఒక్క దీపం పెడుతూనే ఉన్నదని అంగడికి వచ్చేవాళ్ళు చెప్పేవారు. కొందరు నవ్వుతూ చెప్పేవారు. వాళ్ళతో నేను మళ్ళీ మాట్లాడలేదు.

చివరికి వాగులో చెలిమె ఎంత తోడినా తడి ఇసుకే వచ్చిన రోజున, బావ ఎవరినీ అడగకుండా బండి కిరాయికి మాట్లాడుకుని పోయి అవ్వను తీసుకొచ్చాడు. కడవ, బొంత, విసుర్రాయి తానే మోసి బండిలో పెట్టాడట. అవ్వ ఇంట్లోకి వస్తూనే కొంగు ముడిలోంచి ఒక చిన్న సీసా తీసి అత్తకు ఇచ్చింది. అడుగున కొంచెం ఆముదం ఉంది.

"తలకు పెట్టుకో వదినా. ఇగ దేనికి," అన్నది.

ఊరును చూసి నక్షా గీస్తారని నేను అనుకునేదాన్ని. నక్షా ప్రకారం ఊరు కూడా చెరిగిపోతుందని మా అవ్వ రాకతో తెలిసింది. పాత సర్వేవాళ్ళు రాసిన మాట నడుమ కొన్నేళ్ళు అబద్ధంగా ఉండి, మళ్ళీ నిజమై కూర్చుంది. ఇప్పుడు దాన్ని తప్పనడానికి కూడా వీల్లేదు. నాకు అన్నిటికంటే కష్టం అనిపించింది అక్కడే.

అవ్వ మా ఇంట్లో కుదురుకుంది. పెరట్లో బావి నుంచి చేద లాగేటప్పుడు ఒక్క చుక్క ఒలికినా ఆమెకు ప్రాణం పోయినట్టుండేది. చేద పైకి వచ్చాక, నీళ్ళు కడవలో పోసే ముందు కాసేపు అందులోకి చూసేది. బావ ఆమె ముందు తల వంచుకుని తిరిగేవాడు. ఆమె స్నానానికి నీళ్ళు మాత్రం రోజూ తానే తోడి పెట్టేవాడు. అల్లుడు నీళ్ళు తోడడమేందని ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు. ఈగ కథ ఆయన మళ్ళీ చెప్పగా నేను వినలేదు.

నలభైలు ముగిసేలోపు రాజ్యం మారింది. కచేరిలో మనుషులు మారారు. నక్షాలు మళ్ళీ రాయమన్నారు, పేర్లు తెలుగులో కూడా ఉండాలన్నారు. ఈసారి ఊళ్ళలో ఏమన్నా మార్పులుంటే, తెలిసినంతవరకు సరిచేసి గీయమని బావకు హుకుం వచ్చింది. అక్కర ఉన్నప్పుడు రాని హుకుం, అక్కర తీరిపోయాక ఇంత సులువుగా వచ్చింది.

బావ బల్ల ముందు కూర్చున్నాడు. పక్కన అవ్వ చాటలో జొన్నలు పోసుకుని రాళ్ళు ఏరుతున్నది. నేను గడప దగ్గర ఉన్నాను. ఆయన మా పల్లె దగ్గరికి వచ్చేసరికి నాకు తెలిసింది, ఎందుకంటే కలం ఆగింది. తెగిన కుంటకు నీలం పెట్టలేదు. పేరు తెలుగులో రాశాడు. నా పల్లె పేరును నక్షాలో నేను నా అంతట నేను చదవడం అదే మొదటిసారి. దాని పక్కన సున్నా గీశాడు. తరవాత కలాన్ని సిరాలో ముంచి, ఆ సున్నా మీద పట్టుకుని, అలాగే ఉండిపోయాడు.

"అత్తా," అన్నాడు. "నింపుదునా?"

అవ్వ చాటలోంచి కళ్ళు తీయకుండా అడిగింది. "నింపితె ఏమైతది?"

"ఊరున్నట్టు. మనుషులున్నట్టు."

ఎన్నేళ్ళ కిందటో నేను బతిమాలి, తిట్టి అడిగిన ఒక్క సిరా చుక్క. తన నియమాన్ని తానే కాలదన్ని ఇప్పుడు ఇస్తానంటున్నాడు. పెట్టమను అవ్వా, అని నా మనసు కొట్టుకుంది. అబద్ధమైతే అయింది, ఒక్కచోటనైనా మనం ఉన్నట్టు ఉంటుంది అనుకున్నాను.

అవ్వ వేళ్ళు జొన్నల్లో ఆగాయి. ఒక రాయి తీసి పక్కన పడేసింది.

"వద్దు అల్లుడా. ఊరున్నదనుకోని ఎవలన్న దూపకు గా దిక్కు పోతరు," అన్నది. "ఆడ నీళ్ళు లేవు."